వాలు మీద మర్యాద

గట్ల శాఖకు హిమాలయాలతో ఏం పని అని ఎవరైనా అడగవచ్చు. శాఖలోనే ఒకరిద్దరు అడిగారు. జవాబు ఉత్తర్వులోనే ఉంది. చెరువులకూ కాలువలకూ ఉన్న గట్లను కాపాడటం శాఖ బాధ్యత. గట్టు అన్నాక వాలు ఉంటుంది. వాలు తెలియనివాడికి గట్టు తెలియదు. కనుక 'ఉద్యోగులలో వాలు పట్ల అవగాహనను, తద్వారా నాయకత్వ లక్షణములను పెంపొందించు నిమిత్తం' పద్దెనిమిది మందిని మంచుకొండల మీదికి పంపి, ఒక రోజంతా స్కీయింగ్ చేయించడానికి అనుమతి వచ్చింది. ఆ ఏడాది అన్ని శాఖలకూ అదే గాలి సోకింది. ఒక శాఖ వాళ్ళు నిప్పుల మీద నడిచి వచ్చారు. ఇంకో శాఖ వాళ్ళు చెట్లకు కట్టిన తాళ్ళ మీద వేలాడి, నాయకులై తిరిగి వచ్చారు. గట్ల శాఖ ఒక్కటే కుర్చీల్లో కూర్చుని ఉండిపోతే చూడటానికి బాగుండదు.

పద్దెనిమిది మందిలో కూర్మారావు పేరు చివరిదానికి ముందుది. సీనియర్ అసిస్టెంటు. యాభై నాలుగేళ్ళు. పెళ్ళి చేసుకోలేదు. చిన్న వాటాలో ఒక్కడే ఉంటాడు. సాయంత్రాలు వీధి తలుపు మూసి, తన మనసును తానే ఎదురుగా కూర్చోబెట్టి ప్రశ్నలడిగే అలవాటు ఉంది అతనికి. ఈ ప్రయాణం ఖాయమైన రోజు కూడా అడిగాడు. 'నీకెందుకంత సంబరం? చలి పడదు, ఎత్తు పడదు, ఈ మనుషులు అసలే పడరు.' మనసు పాత జ్ఞాపకాల్లో తడిమింది. చివరికి ఒక తాటిమట్టను చూపించింది.

అప్పుడు అతనికి ఎనిమిదేళ్ళు. ఊరి కాలువ గట్టు మీద నుంచి పిల్లలు తాటిమట్టల మీద కూర్చుని జారేవాళ్ళు. ఒకరోజు కూర్మారావు కూడా కూర్చున్నాడు. మట్ట కదిలింది. పొట్టలో ఏదో తేలికైంది. అంతలో కింద నుంచి తండ్రి అరిచాడు, "పడతావురా!" అని. కూర్మారావు రెండు కాళ్ళూ నేలకు తన్నిపెట్టి సగంలో ఆపేశాడు. ఆ తరవాత జీవితంలో ఏది మొదలైనా సగంలో అతని కాళ్ళు వాటంతట అవే నేలకు ఆనేవి. పెళ్ళి సంబంధమైనా అంతే, స్నేహమైనా అంతే. పైగా శాఖలో చేరిన కొత్తలో 'గట్లపై జారుట నిషిద్ధము' అన్న బోర్డుకు చిత్తుప్రతి రాసింది అతనే. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, పైనుంచి కింది దాకా ఆపకుండా జారి చూడాలి. అదీ అతని కోరిక. ఎవరికీ చెప్పలేదు.

శాఖ కోరిక వేరు. సూపరింటెండెంటు పోస్టు ఒకటి ఖాళీగా ఉంది. దానికి ఇద్దరే అర్హులు. కూర్మారావు, మంగతాయారు. ఇద్దరూ ఒకే తేదీన ఉద్యోగంలో చేరారు. అతను పొద్దున్న చేరాడు, ఆవిడ మధ్యాహ్నం చేరింది. ఆ అరపూట సీనియారిటీని మంగతాయారు ముప్ఫై ఏళ్ళుగా క్షమించలేదు.

"శిక్షణలో మీ నడవడి చూసి సిఫార్సు రాస్తాను," అని పరిపాలనాధికారి దక్షిణామూర్తి రైల్లోనే ఇద్దరికీ చెప్పాడు. సర్వీసు నిబంధనలన్నీ కంఠతా వచ్చిన మనిషి. నిద్రలో లేపి అడిగినా ఉపనిబంధనతో సహా చెబుతాడు. ఆ రైల్లో ఎవరో పొరపాటున లేపి అడిగారు కూడా.

కొండ కింద, వాలు సరిగ్గా ముగిసే చోట విడిది. ఏడు మెట్లు ఎక్కితే పొడుగాటి వరండా. వరండాలో నిలబడితే ఎదురుగా వాలు మొత్తం కనిపిస్తుంది. ఉతికి ఆరేసిన దుప్పటిలా తెల్లగా ఉంది. మొదటిసారి దాన్ని చూసినప్పుడు కూర్మారావు అరికాళ్ళు జివ్వుమన్నాయి.

పొద్దున్నే అందరికీ బరువైన బూట్లు తొడిగి, స్కీలు తగిలించి, చేతికి రెండేసి కర్రలిచ్చారు. నేర్పించేవాడి పేరు దోర్జే. సైన్యంలో ఉండగా సికింద్రాబాదులో ఆరేళ్ళు గడిపాడట. తెలుగు అక్కడే అబ్బింది. కొండ కింది చదును మీద గంటసేపు నేర్పాడు.

"ముందట కొసలు దగ్గరికి, ఎనక కొసలు దూరం. గట్లయితే ఆగుతది. రెండూ సీదా పెడితే ఉరుకుతది. గంతే సార్, ఇంకేం లేదు."

"పడితే?" అని అడిగాడు డైరెక్టరు భూషణరావు.

"పడితే లేవాలె సార్."

తరవాత పైకి ఎక్కారు. కదులుతున్న తాడు ఒకటి ఉంది. దాన్ని పట్టుకుంటే మనిషిని వాలు పక్కనుంచి పైకి లాక్కుపోతుంది. ఎక్కడంలో శాఖకు ఏ ఇబ్బందీ రాలేదు. ముందు డైరెక్టరు, ఆ వెనక జాయింటు డైరెక్టరు, ఆ వెనక దక్షిణామూర్తి, అలా హోదా వరసన అందరూ తాడు పట్టుకున్నారు. ముందున్నవాడే పైన కూడా ఉన్నాడు. ప్రకృతి కూడా సర్వీసు నిబంధనలు చదువుకున్నట్టుగానే ఉంది.

పైకి చేరాక దోర్జే చేతులు రుద్దుకున్నాడు. "చలో సార్. పెద్ద సార్ ముందు."

భూషణరావు కళ్ళద్దాలు సర్దుకుని కర్రలు మంచులో గుచ్చాడు. అప్పుడు దక్షిణామూర్తి దగ్గాడు. శాఖలో అందరికీ ఆ దగ్గు తెలుసు. ఆ దగ్గుతో నడుస్తున్న ఫైళ్ళు ఆగిపోయేవి.

"సార్, చిన్న మనవి."

"చెప్పండి."

"తమరు ముందు వెళ్ళడం న్యాయం. అందులో సందేహానికి తావు లేదు. పై అధికారి కన్నా కింది ఉద్యోగి ముందు నడవరాదు."

"అందుకేగా వెళ్తున్నాను."

"కాని సార్, ఒక్క గజం వెళ్ళేసరికి తమరు మా అందరికన్నా కింద ఉంటారు."

భూషణరావు కిందికి చూశాడు. తరవాత వెనక్కి తిరిగి తన పదిహేడు మందినీ చూశాడు. అటెండరు దగ్గర నుంచి జాయింటు డైరెక్టరు దాకా శాఖలో ఎవరూ ఆయన కన్నా ఎత్తులో ఉండకూడదని ఉత్తర్వు వేయించింది ఆయనే. డైరెక్టరు గది నెత్తిమీద టపా సెక్షన్ ఉందని తెలిసిన రోజున ఆ సెక్షన్ మొత్తాన్ని పెరట్లోకి మార్చారు.

"పోనీ మీరంతా ముందు పొండి."

"తమరికన్నా ముందా?" అన్నాడు దక్షిణామూర్తి. ఆయన గొంతులో నిజమైన బాధ ఉంది.

అందరూ మంచును చూశారు. సమస్య అప్పుడు అర్థమైంది. డైరెక్టరు అందరికన్నా ముందు ఉండాలి, అందరికన్నా పైన కూడా ఉండాలి. కొండ మీద ముందు వెళ్ళేవాడు కింద ఉంటాడు. ముప్ఫై ఏళ్ళుగా శాఖ నమ్ముకున్న రెండు మర్యాదలూ ఈ వాలు మీద ఒకదాని పీక ఒకటి పట్టుకున్నాయి.

"ఏమైంది సార్లూ? బూట్లు కరుస్తున్నయా?" అన్నాడు దోర్జే.

"మరి ఆఫీసులో మెట్లు ఎలా దిగుతున్నామండీ?" అని అడిగాడు జాయింటు డైరెక్టరు.

అది మంచి ప్రశ్న. దక్షిణామూర్తి ముఖం వెలిగింది. డైరెక్టరు మెట్లు దిగే సమయానికి సిబ్బంది అంతా తమ తమ సీట్లలో ఉండాలని ఆఫీసులో ఆచారం. సీటులో ఉన్నవాడికి ఎత్తు వర్తించదు. ఆ ఆచారం ఇక్కడికి వర్తింపజేయవచ్చు.

"అందరూ కూర్చోవలెను," అని ప్రకటించాడు.

పదిహేడు మందీ మంచులో కూర్చున్నారు. కూర్మారావు చివర కూర్చుని డైరెక్టరును చూస్తున్నాడు. ఆయన మోకాళ్ళు వణుకుతున్నాయి. చలి వణుకు వేరు, ఈ వణుకు వేరు. కూర్మారావుకు ఆ రెండో దానితో పాత పరిచయం.

"ఆ చివర సరిగ్గా కూర్చోలేదు," అన్నాడు భూషణరావు.

చివర సరిగ్గా కూర్చున్నారు.

"మధ్యలో ఎవరో లేచినట్టున్నారు."

ఎవరూ లేవలేదు. ఇంకోసారి కూర్చున్నారు. ఆయన కర్రలు తీశాడు, మళ్ళీ గుచ్చాడు, ఆకాశం చూశాడు. ఈయన వెళ్ళడు అని కూర్మారావుకు అర్థమైంది. వెళ్ళలేకపోవడానికి ఒక కారణం దొరకడం ఈయన అదృష్టం. మాకెవరికీ దొరకలేదు కాని, అందరం ఆ కారణం వెనకే కూర్చున్నాం.

అప్పుడు వరసలోంచి ఒక కేక లేచింది. మంగతాయారు స్కీలు తీయకుండా కూర్చుంది. అవి సీదాగా కిందికి చూస్తున్నాయి. "ఓరి బాబోయ్! ఆపండర్రా! ఏవండీ! ఎవరైనా పట్టుకోరేంటండీ!" అంటూ ఆవిడ కూర్చున్నది కూర్చున్నట్టే డైరెక్టరు పక్కనుంచి జారిపోయి, కొంత దూరంలో ఒక మంచు దిబ్బను ఢీకొని ఆగింది.

"ముందు వెళ్ళిపోయింది!" అన్నాడు జాయింటు డైరెక్టరు.

దక్షిణామూర్తి కళ్ళు మూసుకుని ఆలోచించాడు. "లేదండీ. సదరు ఉద్యోగిని సీటులోంచి లేవలేదు. దీన్ని జారుటగా పరిగణించడానికి వీల్లేదు. సీటుతో సహా జరిగిన బదిలీ."

బదిలీ అయిన ఉద్యోగిని స్కీలు చంకన పెట్టుకుని, రొప్పుతూ, తిట్టుకుంటూ నడిచి పైకి వచ్చింది. దక్షిణామూర్తి ఇక ముందు ఇలాంటివి జరగకుండా సవరణ ప్రకటించాడు. మంచు సీటు కాదు. నేల కూడా సీటు కాదు. కుర్చీ ఉంటేనే సీటు. కొండ మీద కుర్చీలు లేవు కనుక అందరూ లేచి నిలబడ్డారు.

ఎండ నడినెత్తికి వచ్చింది. అందరూ చేతులు పట్టుకుని ఒకే వరసలో, ఒకే ఎత్తులో దిగితే ఎలా ఉంటుందని ఒకరు అన్నారు. డైరెక్టరూ సీనియర్ అసిస్టెంటూ ఒకే ఎత్తులోనా అని పదిమంది అడ్డుపడ్డారు. వాళ్ళలో సీనియర్ అసిస్టెంటు మంగతాయారు కూడా ఉంది. కొత్తగా పెళ్ళయిన జంట ఒకటి నవ్వుకుంటూ పక్కనుంచి జారిపోయింది. ఒక లావుపాటి ఆయన పడి, లేచి, మళ్ళీ పడి, రెండుసార్లూ నవ్వాడు.

"వాళ్ళకేంలెండి. ప్రైవేటు మనుషులు," అన్నాడు దక్షిణామూర్తి జాలిగా.

దోర్జే వచ్చి చెప్పాడు. "సార్లూ, నాలుగింటికి ఈ తాడు లిఫ్టు బంద్ అయితది. నేను గూడ పోతా. జారుండ్రి, ఏమైతది?"

పులిహోర పొట్లాలు విప్పి నిలబడే తిన్నారు. చల్లబడ్డ పులిహోర పళ్ళ కింద కంకరలా పలికింది. చివరి మెతుకు నమిలాక దక్షిణామూర్తికి తోచింది.

"సార్! ఒకరు ముందే కింద ఉంటే చాలు. తమరు దిగినా, అందరికన్నా కింద ఉన్నారన్న అపప్రథ రాదు."

"ఆ ఒకరు నాకన్నా ముందు వెళ్ళినట్టు కాదా?"

"ముందుకు వెళ్ళరు సార్. ముఖం తమరి వైపే ఉంచి, నమస్కారం చేస్తూ, వెనక్కి వెళ్తారు. ముందుకు వెళ్ళని మనిషి ముందు వెళ్ళినట్టు ఎలా అవుతుంది? దీన్ని ఉపసంహరణ అంటారు."

అందరూ తలలు ఊపారు. తనకు కూడా అది ఒక్క క్షణం సబబుగా తోచినందుకు కూర్మారావుకు భయం వేసింది.

అందరికన్నా కింది హోదా మంగతాయారుది. ఆవిడ కర్రలు రెండూ అవతల పారేసింది. "నా బదిలీ అయిపోయిందండి. ఒకే రోజు రెండు బదిలీలు ఏ రూల్లో ఉన్నాయో చూపించండి, అప్పుడు జారతాను. ఆయ్!"

అలాంటి నిబంధన లేదని దక్షిణామూర్తి ఒప్పుకోవలసి వచ్చింది. ఆయన కూర్మారావును పక్కకు పిలిచాడు.

"చూడవోయ్. వచ్చే వారమే ప్రమోషన్ కమిటీ. సార్ ముందు ఈ పని మర్యాదగా చేస్తే, సూపరింటెండెంటు కుర్చీ నీదే. ఒక్కటే గుర్తుంచుకో. కింది దాకా ముఖం సార్ వైపే ఉండాలి. వీపు చూపించావో, నీకూ నాకూ సంబంధం లేదు."

వాలు అంచున కూర్మారావును వెనక్కి తిప్పి నిలబెట్టారు. స్కీల తోకలు లోయ వైపు, ముక్కు డైరెక్టరు వైపు. దోర్జేకి ఇదంతా అర్థం కాలేదు. "అరే, గిదేంది? ఎనక్కెవడన్న పోతడా?" అని అరిచాడు. ఎవరూ వినలేదు. కూర్మారావు కర్రలు మణికట్టుకు వేలాడేసుకుని రెండు చేతులూ జోడించాడు.

స్కీలు కదిలాయి.

మొదట చాలా నెమ్మదిగా. డైరెక్టరు ముఖం, పక్కన దక్షిణామూర్తి ముఖం, వాటి వెనక మిగతా ముఖాలు ఒక గ్రూప్ ఫొటోలా నిలబడి ఉన్నాయి. ఆ ఫొటో కొద్దికొద్దిగా చిన్నదవుతోంది. కూర్మారావు నమస్కారం చేస్తూ వెనక్కి పోతున్నాడు. ఇదేమీ కొత్తగా లేదు. ముప్ఫై ఏళ్ళుగా ఆ గదిలోంచి ఇలాగే బయటికి వచ్చాడు. ముఖం వాళ్ళ వైపు, చేతులు జోడించి, వెనక్కి వెనక్కి. తలుపు ఎక్కడుందో వీపుతో తడుముకుంటూ. ఆఫీసులోనే కాదు. తండ్రి ముందు అంతే, బంధువుల ముందు అంతే. ఎవరో ఒకరి ముఖం చూస్తూనే బతికాడు. తను ఎటు పోతున్నాడో ఎన్నడూ చూడలేదు.

వేగం పెరిగింది. చెవుల్లో గాలి. పొట్టలో ఏదో తేలికైంది.

అది గుర్తుపట్టాడు. నలభై ఆరేళ్ళ కిందటి తాటిమట్ట మీదిది. ఇన్నాళ్ళూ పోలేదు, లోపలే ఉంది. సరిగ్గా అప్పుడే కాళ్ళు ఆగడానికి సిద్ధమయ్యాయి. ఆ కేక కూడా వినిపించింది, 'పడతావురా!' అని. ఈసారి అది కింద నుంచి రాలేదు. లోపలి నుంచే వచ్చింది.

'పడతాను నాన్నా,' అనుకున్నాడు కూర్మారావు.

ఒక కర్రను మంచులో గట్టిగా గుచ్చాడు. ఒళ్ళు గిర్రున తిరిగింది. స్కీలు అడ్డం పడ్డాయి, ఒకదాని మీద ఒకటి ఎక్కబోయాయి, ఎలాగో విడివడి కొసలు కిందికి పెట్టాయి. డైరెక్టరు పోయాడు. దక్షిణామూర్తి పోయాడు. ఎదురుగా లోయ, దేవదారు చెట్లు, విడిది కప్పు మీద పొగ, ఇంకా పెద్ద ఆకాశం. గట్ల శాఖ మొత్తానికి వీపు చూపిస్తూ కూర్మారావు జారుతున్నాడు. నోట్లోంచి ఏదో శబ్దం వస్తోంది. అది తనదేనని తెలియడానికి కొంచెంసేపు పట్టింది. కొండ సగం దాటింది. కాళ్ళు ఆగలేదు. విడిది మెట్ల దగ్గర మెత్తటి మంచులో బోర్లా పడి, గడ్డం నిండా మంచుతో, అక్కడే ఉండి నవ్వాడు.

పైన పదిహేడు మంది నిలబడే ఉన్నారు. వీపు చూపించినవాడు ముందు వెళ్ళినట్టే లెక్క కనుక ఉపసంహరణ రద్దయింది. రద్దయినదాని ఆధారంగా డైరెక్టరు దిగడానికి వీల్లేదు. నాలుగింటికి లిఫ్టు ఆగింది. దోర్జే ఇంటికి పోయాడు. చివరికి కొండ వెనక రోడ్డు మీద నుంచి జీపులు తెప్పించారు. జీపుల్లో సీట్లు ఉంటాయి. సీటులో ఉన్నవాడికి ఎత్తు వర్తించదు.

సాయంత్రం భోజనాల హాల్లో ముగింపు సభ. దక్షిణామూర్తి నివేదిక చదివాడు. శిక్షణ జయప్రదమైందని, ఉద్యోగులు రోజంతా వాలుపై నిలకడగా నిలబడి నాయకత్వ లక్షణములు ప్రదర్శించారని, ఒక బదిలీ మినహా అవాంఛనీయ ఘటనలేవీ జరగలేదని అందులో ఉంది. చప్పట్లు కొట్టారు. తరవాత ఆయన కాగితం మడిచి, కూర్మారావు వైపు దయగా చూశాడు. మధ్యాహ్నం నుంచీ ఆలోచించి ఒక దారి కనిపెట్టాడు.

"సార్, ఒక చిన్న విషయం తేలాలి. సూర్యుడు మాకెదురుగా ఉన్నాడు. మంచు మెరుస్తోంది. కూర్మారావు వెనక్కే జారుతూ వెళ్ళాడు. మధ్యలో తిరిగినట్టు కొందరికి భ్రమ కలిగింది. తిరగలేదని అతను ఒక్క మాట చెబితే, ఆ క్రమశిక్షణకు తగిన గుర్తింపు వచ్చే వారమే ఉంటుంది."

హాలంతా కూర్మారావు వైపు తిరిగింది. మంగతాయారు చెంచా పట్టుకుని అలాగే ఆగిపోయింది.

"ఏమయ్యా, తిరిగావా?" అన్నాడు భూషణరావు.

లేదు సార్. రెండు మాటలు. కుర్చీ, బల్ల, పింఛనుకు ముందు ఆరేళ్ళ పెద్దరికం. కూర్మారావు నాలుక మీద అవి సిద్ధంగా ఉన్నాయి. ముప్ఫై ఏళ్ళుగా ఆ రెండు మాటలతోనే రోజులు గడిచాయి. కాని ఇప్పుడు అవి అంటే, కొండ మీద జరిగింది జరగనట్టే. ఆ తేలికదనం కూడా భ్రమల జాబితాలోకి పోతుంది. మళ్ళీ సగంలో కాళ్ళు ఆనించినట్టే.

"తిరిగాను సార్."

ఎవరో గ్లాసు కింద పెట్టిన శబ్దం.

"ఎందుకు తిరిగావు?"

"ఎటు పోతున్నానో చూద్దామని సార్."

భూషణరావు అతన్ని చూసి, పెరుగన్నం కలుపుకున్నాడు. దక్షిణామూర్తి కలం తీసి కాగితం మీద ఒక పేరు కొట్టేసి ఇంకో పేరు రాశాడు.

చేతులు కడుక్కునే చోట మంగతాయారు అతన్ని నిలదీసింది. "ఏం మనిషండీ మీరు? ఒక్క అబద్ధం. ఆఫీసులో రోజుకి పది ఆడతాం. ఆ అరపూట సీనియారిటీ కోసం ముప్ఫై ఏళ్ళు మిమ్మల్ని పీక్కుతిన్నాను. ఇలా చేతిలో పెట్టేస్తే నాకేం సరదా అండీ?"

"కావాలని కాదండీ."

ఆవిడ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "నేను కూర్చుని జారాను కాబట్టి నాకు తెలీలేదు. కళ్ళు మూసేసుకున్నాను కూడాను. నిలబడి జారితే... ఎలా ఉంటుందండీ?"

అతను చెప్పబోయాడు. దక్షిణామూర్తి అటు రావడం చూసి ఆవిడ వెళ్ళిపోయింది.

మర్నాడు ఎనిమిదింటికి బస్సు. కూర్మారావు తెల్లవారగానే లేచి, ఆ వాలును చివరిసారి చూసి రావాలని బయటికి వచ్చాడు. మెట్ల కింద ఎవరో ఉన్నారు. తలకు మఫ్లరు, భుజాన స్కీలు. కూర్మారావును చూడగానే ఆ మనిషి స్కీలను వెనక దాచబోయాడు. అవి ఆయనకన్నా పొడుగ్గా ఉన్నాయి.

"నువ్వా," అన్నాడు భూషణరావు. "ఇంకెవరూ లేవలేదుగా?"

"లేదు సార్."

"రాత్రంతా నిద్ర పట్టలేదయ్యా. నువ్వు తిరిగినప్పుడు ఏదో అరిచావు. ఏమిటది?"

"నాకూ తెలియదు సార్."

ఆయన ఆ జవాబును కాసేపు నమిలాడు. "పద. పై దాకా వద్దులే. కొంచెం."

ఇద్దరూ నడిచి ఎక్కారు. అలవాటుగా ఆయన ముందు, కూర్మారావు వెనక. ఇంటి కప్పంత ఎత్తుకు చేరాక ఆయన స్కీలు తొడుక్కుని కిందికి చూశాడు. కర్రలు నిన్నటిలాగే తీసి, మళ్ళీ గుచ్చాడు. ఈసారి అడ్డం పెట్టుకోవడానికి ఎవరి మర్యాదా దగ్గర లేదు.

"నువ్వు కింద నిలబడు, కూర్మారావ్. పడితే పట్టుకో."

"నేను ముందు వెళ్తే సార్..."

"వెళ్ళవయ్యా బాబూ!"

కూర్మారావు కిందికి దిగి మెట్ల దగ్గర నిలబడ్డాడు. పైన ఆయన చాలాసేపు కదల్లేదు. ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. దగ్గేవాళ్ళెవరూ కనపడలేదు. తరవాత కర్రలు తీసేశాడు. వంకరటింకరగా, చేతులు రెండూ రెక్కల్లా పెట్టి, నోరు తెరుచుకుని వచ్చాడు. కూర్మారావు పట్టుకునేలోపే అతన్ని దాటుకుని, మొదటి మెట్టు ముందు మంచులో వెల్లకిలా పడ్డాడు. ఒక స్కీ ఊడి అవతల పడింది. ముక్కు మీద మంచు. కూర్మారావు పరుగున దగ్గరికి వెళ్ళాడు.

డైరెక్టరు నవ్వుతున్నాడు. పొట్ట ఎగిరిపడేలా, చప్పుడు లేకుండా, తరవాత చప్పుడుతో.

ఆ చప్పుడుకు కూర్మారావు తలెత్తి వరండా వైపు చూశాడు. టీ గ్లాసులతో అందరూ వచ్చి నిలబడి ఉన్నారు. ఎప్పుడు వచ్చారో తెలియదు. మధ్యలో దక్షిణామూర్తి. ఆయన ఒకసారి కింద పడి ఉన్న డైరెక్టరును చూశాడు, తన కాళ్ళ కింది ఏడు మెట్ల ఎత్తును చూశాడు. గట్టిగా దగ్గాడు. కుర్చీలన్నీ లోపలున్నాయి. నేల సీటు కాదు. తలలు ఒక్కొక్కటే వరండా అంచు వెనక మాయమయ్యాయి. గ్లాసులు రాతి మీద ఆనిన శబ్దాలు వినిపించాయి. చివరగా మంగతాయారు గొంతు, "ఇంత చలిలోనా అండీ? ఈ రాయి మీదా?" అని వినిపించి ఆగిపోయింది.

భూషణరావు మెడ తిప్పి వరండా చూశాడు. అక్కడ ఎవరూ లేరు.

"వాళ్ళ గొంతులు వినిపించినట్టున్నాయి. ఏరీ?"

"అక్కడే ఉన్నారు సార్. నేల మీద పడుకున్నారు. తమరికన్నా ఎత్తులో ఉండకూడదని. పడుకున్నవాడికి ఎత్తు వర్తించదు కాబోలు."

ఆయన నవ్వు ఆగింది. ఆకాశం వైపు చూస్తూ ఆలోచించాడు.

"అయితే నేను లేచేదాకా వాళ్ళు లేవరా?"

"లేవరు సార్."

"దక్షిణామూర్తి గారు కూడానా?"

"ఆయన అసలే లేవరు సార్."

వరండా మీద నుంచి ఎవరో తుమ్మారు. ఇంకెవరో 'ఉష్' అన్నారు. భూషణరావు తలను మళ్ళీ మంచులో హాయిగా ఆనించి, ఊడిన మఫ్లరును చెవుల మీదికి లాక్కున్నాడు.

"బస్సు ఎనిమిదింటికి కదూ. ఇంకా బోలెడు టైముంది," అన్నాడు. "నువ్వూ పడుకో, కూర్మారావ్."

కూర్మారావు ఆయన పక్కనే, ఆయన ఎత్తులోనే, మంచు మీద వెల్లకిలా పడుకున్నాడు.